సరిగమలు తెలిసిన చెవికి బ్లూగ్రాస్ గిటార్: కుడిచేతి నుంచి మొదలుపెట్టే సమగ్ర మార్గదర్శి

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో గిటార్ నేర్చుకోవాలనుకునేవారిలో చాలామందికి చిన్నప్పుడు నాలుగు సరళీ స్వరాలైనా పాడిన అలవాటు ఉంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు హార్మోనియం వాయించడమో, వీధిలో పద్యనాటకం విని పెరగడమో ఉంటుంది కాబట్టి స్వరాన్ని గుర్తుపట్టే చెవి వారికి ముందే సిద్ధంగా ఉంటుంది. అలాంటివారు బ్లూగ్రాస్ అనే అమెరికా సంగీతాన్ని నేర్చుకునేటప్పుడు పాశ్చాత్య దేశాల కోసం రాసిన పాఠాలను వరుసగా అనుసరించనక్కరలేదు. వారికి కొరవడేది స్వరజ్ఞానం కాదు, పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పట్టిన కుడిచేతికి కావలసిన నడక. అందుచేత ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం కుడిచేతికే కేటాయించాను. ఎడమచేతి సంగతులు అవసరమైన మేరకే చెబుతాను.

ముందుగా తెలుసుకోవలసినది: ఇందులో గిటార్ చేసే పని

బ్లూగ్రాస్ అనే పేరు అమెరికాలోని కెంటకీ రాష్ట్రంతో ముడిపడి ఉంది. అక్కడ 1911లో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు బిల్ మన్రో తన బృందానికి బ్లూ గ్రాస్ బాయ్స్ అని పేరు పెట్టుకోగా, ఆ పేరే తరువాత ఆ బాణీకంతటికీ స్థిరపడింది. 1945లో గాయకుడు, గిటార్ వాద్యకారుడు అయిన లెస్టర్ ఫ్లాట్, అదే ఏడాది డిసెంబరులో మూడు వేళ్లతో బాంజో వాయించే ఎర్ల్ స్క్రగ్స్ ఆ బృందంలో చేరాక ఈ సంగీతం ఇప్పుడు మనం వింటున్న రూపాన్ని సంతరించుకుంది. మాండొలిన్, బాంజో, ఫిడిల్ అని వారు పిలిచే వయొలిన్, గిటార్, నిలువుగా పట్టుకునే పెద్ద బేస్ ఇందులోని ప్రధాన వాద్యాలు. సంప్రదాయ బృందంలో డ్రమ్స్ ఉండవు. ఆ లోటును బేస్, మాండొలిన్, గిటార్ కలిసి పూడుస్తాయి. బేస్ వాద్యం బలమైన దెబ్బను పలికిస్తుంది, మాండొలిన్ దాని ఎదురుదెబ్బను కత్తిరించినట్టు పలికిస్తుంది, గిటార్ ఆ రెండింటినీ ఒక్క చేత్తో కలుపుతుంది.

ఈ సంగీతం తొలినాళ్లలో గిటార్ దాదాపు పూర్తిగా సహకార వాద్యమే. ఫిడిల్ మీద వాయించే నృత్యపు వరుసలను గిటార్ మీద పిక్‌తో యథాతథంగా పలికించే పద్ధతికి విస్తృతమైన గుర్తింపు తెచ్చినవారిలో ఉత్తర కరోలినాకు చెందిన అంధ కళాకారుడు డాక్ వాట్సన్ (1923–2012) ముఖ్యుడు. 1950లలో ఆయన వాయించిన ఒక నృత్య బృందంలో ఫిడిల్ వాయించేవారు లేకపోవడంతో ఆ వరుసలను ఆయన గిటార్ మీద వాయించవలసి వచ్చింది. ఆయన తరువాత క్లారెన్స్ వైట్ (1944–1973), టోనీ రైస్ (1951–2020) ఆ మార్గాన్ని మరింత దూరం తీసుకెళ్లారు. నేర్చుకునేవారు వీరి సోలోలను విని ముగ్ధులవడం సహజమే. అయితే అదే టోనీ రైస్ మరొకరు పాడుతున్నప్పుడు వెనక ఏం వాయిస్తున్నాడో చెవి పెట్టి వినడం అంతకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. గాయకుడు, గిటార్ వాద్యకారుడు జిమ్మీ మార్టిన్ రికార్డుల్లో గిటార్ ఒక్కటే బృందాన్ని ముందుకు తోస్తున్నట్టు వినిపిస్తుంది. మొదటి నెలంతా రోజుకు ఒక పాటను ఎంచుకుని, అందులోని గిటార్‌ను మాత్రమే వెంబడిస్తూ వినండి.

గిటార్, తీగలు, పిక్

నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఈ పనికి పనికిరాదు. ఉక్కు తీగలు ఉండి, నడుము వెడల్పుగా, పెట్టె పెద్దదిగా ఉండే డ్రెడ్‌నాట్ ఆకారపు గిటార్ కావాలి. 1930ల తొలినాళ్లలో అమెరికాలోని మార్టిన్ సంస్థ తన పేరుతో తయారుచేయడం మొదలుపెట్టిన ఈ ఆకారానికి లోతైన బేస్ నాదం, బాంజో పక్కన కూడా వినబడే బిగ్గరతనం ఉన్నందున బ్లూగ్రాస్ వాద్యకారులు దాన్నే సొంతం చేసుకున్నారు. పైపలక అతుకు చెక్కతో కాకుండా నిజమైన స్ప్రూస్ చెట్టు పలకతో ఉంటే నాదం బాగుంటుంది. మన దగ్గర సులువుగా దొరికే వాటిలో యమహా ఎఫ్‌జి 800 అలాంటి పలకతో వస్తుంది. అదే సంస్థ ఎఫ్ 310లో ఉన్నది పొరలు అతికించిన పలక. చేతిలో ఎఫ్ 310 ఉన్నవారు కొత్తది కొనేదాకా ఆగనక్కరలేదు, ఏడాదిపాటు కుడిచేయి నేర్చుకోవడానికి అది చాలు.

తీగల విషయంలో మొదట (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) 12 నుంచి 53 వరకు మందం ఉన్న లైట్ సెట్ వేసుకుని, వేళ్లు గట్టిపడ్డాక 13 నుంచి 56 వరకు ఉన్న మీడియం సెట్‌కు మారవచ్చు. తీగకు, ఫ్రెట్‌కు (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టుకు) మధ్య ఎత్తు ఎక్కువగా ఉంటే ఎంత సాధన చేసినా వేగం రాదు కాబట్టి, గిటార్ కొన్న వెంటనే పని తెలిసినవారి చేత ఆ ఎత్తు సరిచేయించుకోవాలి.

పిక్ మీద మాత్రం రాజీ పడకండి. సినిమా పాటలకు వాడే పల్చటి పిక్ తీగను తాకగానే వంగిపోతుంది, ఆ వంగి తిరిగి లేచే వ్యవధిలో లయ జారుతుంది. కనీసం 1 మిల్లీమీటరు, వీలైతే 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం ఉండి, మొన గుండ్రంగా అరిగినట్టుండే పిక్ తీసుకోండి. చూపుడువేలిని కొద్దిగా మడిచి దాని పక్కభాగం మీద పిక్‌ను ఉంచి, పైనుంచి బొటనవేలితో అదమండి. మొన బయటికి అర సెంటీమీటరుకు మించి కనిపించకూడదు.

సముద్రానికి దగ్గరగా ఉండే మన జిల్లాల్లో గాలిలో తేమ గిటార్‌కు పెద్ద శత్రువు. గిటార్ తయారీదారులు సాధారణంగా 45 నుంచి 55 శాతం తేమను అనుకూలంగా భావిస్తారు. భోగాపురం, కళింగపట్నం వైపు వర్షాకాలంలో ఆ అంకె దానికి చాలా పైనే ఉంటుంది. తేమ పీల్చిన పైపలక ఉబ్బుతుంది, దాంతో తీగల ఎత్తు పెరుగుతుంది. నిన్నటిదాకా సులువుగా నొక్కిన కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) ఇవాళ నొప్పెడుతున్నదంటే కారణం తరచుగా అదే. గిటార్‌ను గోడకు తగిలించకుండా గట్టి పెట్టెలో సిలికా జెల్ సంచులతో ఉంచాలి, ఆ సంచులను తయారీదారు చెప్పిన పద్ధతిలో అప్పుడప్పుడు ఆరబెట్టి తిరిగి వాడుకోవాలి, వాయించిన ప్రతిసారీ తీగలను పొడిబట్టతో కింది వైపు నుంచి కూడా తుడవాలి. ఇక్కడి ఉక్కపోతలో తుడవని తీగకు రెండు వారాల్లోనే మసక పడుతుంది.

శృతి, కార్డులు

ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా వరుసగా ఇ, ఏ, డి, జి, బి, ఇ అన్నది మామూలు శృతి. ఫోనులోని ట్యూనర్ యాప్ సరిపోతుంది. ఈ రచనలో ఆరో తీగ అంటే అన్నిటికన్నా లావుపాటిది, మొదటి తీగ అంటే అన్నిటికన్నా సన్ననిది.

బ్లూగ్రాస్‌లో జి స్థానమే ఇల్లు. జి, సి, డి అనే మూడు కార్డులతోనే వందలాది పాటలు నడుస్తాయి. జి ని షడ్జమంగా అనుకుంటే సి శుద్ధ మధ్యమం మీద, డి పంచమం మీద నిలిచే కార్డులు. అక్కడివారు వీటిని ఒకటి, నాలుగు, అయిదు అని అంకెలతో పిలుస్తారు. స-మ-ప సంబంధాన్ని చెవితో గుర్తుపట్టగలిగినవారికి పాట వింటూనే కార్డ్ ఎప్పుడు మారుతుందో తెలిసిపోతుంది, ఇది చిన్న లాభం కాదు. వీటికి తోడు ఏ, ఇ, ఇ మైనర్, ఏ మైనర్, నాలుగు సన్నటి తీగల మీద నొక్కే చిన్న ఎఫ్ చాలు.

జి కార్డ్‌ను మాత్రం కొంచెం ప్రత్యేకంగా పట్టాలి. మధ్యవేలు ఆరో తీగ 3వ ఫ్రెట్ మీద, ఉంగరపు వేలు రెండో తీగ 3వ ఫ్రెట్ మీద, చిటికెన వేలు మొదటి తీగ 3వ ఫ్రెట్ మీద పెట్టండి. చూపుడువేలితో ఐదో తీగ 2వ ఫ్రెట్ నొక్కవచ్చు, కానీ చాలామంది బ్లూగ్రాస్ వాద్యకారులు దాన్ని వదిలేసి, మధ్యవేలి కొనను కాస్త వంచి ఐదో తీగను మూగబోయేలా తాకిస్తారు. అంత కింది స్థాయిలో గాంధారం మోగితే కార్డ్ బురదగా వినిపిస్తుంది. దాన్ని తీసేస్తే షడ్జమం, పంచమం మాత్రమే బలంగా నిలిచి నాదం తేటపడుతుంది.

బొబ్బిలి వీణ మీద చేయి తిరిగినవారికి ఒక హెచ్చరిక. వీణ మెట్లు మైనం మీద ఎత్తుగా ఉంటాయి, తీగను లాగి గమకం పలికించడం అక్కడి మర్యాద. గిటార్‌పై ఫ్రెట్‌కు ఆనుకుని, దాని వెనకే, చాలినంత మాత్రమే నొక్కాలి. అలవాటు కొద్దీ పక్కకు లాగితే కార్డ్ మొత్తం అపశృతి పలుకుతుంది.

అసలైన మెట్టు: బేస్, స్ట్రమ్

ఇక్కడ కనీసం మూడు నెలలు గడపండి. సోలో జోలికి వెళ్లకండి.

బ్లూగ్రాస్ సహకారంలో మొదటి దెబ్బకు ఒక్క బేస్ తీగ, రెండో దెబ్బకు సన్నటి తీగల మీద స్ట్రమ్ (కొన్ని తీగలను ఒక్క ఊపులో కలిపి మీటడం), మూడో దెబ్బకు మరో బేస్ తీగ, నాలుగో దెబ్బకు మళ్లీ స్ట్రమ్ వస్తాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకే రోటిలో మార్చి మార్చి పోటు వేసినట్టు ఈ రెండూ ఒకదాని చోటులోకి మరొకటి చొరబడకుండా సాగాలి. జి కార్డ్‌కు బేస్ తీగలు ఆరోది, తరువాత నాలుగోది. సి కార్డ్‌కు ఐదో తీగ 3వ ఫ్రెట్, తరువాత అదే వేలిని ఆరో తీగ 3వ ఫ్రెట్‌కు మార్చి వాయించాలి, మొదట్లో అది కష్టమైతే నాలుగో తీగ 2వ ఫ్రెట్‌తో సరిపెట్టుకోవచ్చు. డి కార్డ్‌కు నాలుగో తీగ ఖాళీగా, తరువాత ఐదో తీగ ఖాళీగా. ఇ మైనర్‌కు ఆరోది, తరువాత నాలుగో తీగ 2వ ఫ్రెట్.

చేతి కదలికను దగ్గరగా చూద్దాం. ఆరో తీగను మీటినప్పుడు పిక్ గాలిలోకి లేవకూడదు. తీగను దాటి కిందికి వెళ్లి, ఐదో తీగ మీద ఒక్క క్షణం ఆనుకుని ఆగాలి. ఆ ఆనికే బేస్ స్వరానికి బరువునిస్తుంది. అక్కడి నుంచి చేయి తేలికై, మణికట్టు చిన్న విసురుతో మూడు, రెండు, ఒకటో తీగలను మాత్రమే తాకుతూ కిందికి జారాలి. ఆరు తీగలనూ రుద్దితే బేస్‌కు, స్ట్రమ్‌కు తేడా చెరిగిపోతుంది. స్ట్రమ్ పలికిన వెంటనే ఎడమచేతి వేళ్ల ఒత్తిడిని వెంట్రుకవాసి సడలిస్తే నాదం తెగి, మాండొలిన్ ఎదురుదెబ్బకు చోటు దొరుకుతుంది. బేస్ మూడొంతులు, స్ట్రమ్ ఒక వంతు బలంగా అనుకుంటే తూకం దాదాపు సరిపోతుంది. కొత్తవారు దీన్ని తలకిందులుగా చేస్తారు.

లయను లెక్కపెట్టడానికి వన్-టూ-త్రీ-ఫోర్ కన్నా మనకు త-క-ది-మి మేలు. రెండు దెబ్బలకు ఒక త-క-ది-మి: ‘త’ మీద బేస్, ‘ది’ మీద స్ట్రమ్, రెండూ పైనుంచి కిందికే. ‘క’, ‘మి’ అక్షరాల మీద చేయి ఏమీ వాయించకపోయినా పైకి లేస్తూనే ఉండాలి. అంటే త, ది ఎప్పుడూ కిందికి, క, మి ఎప్పుడూ పైకి. ఈ ఒక్క నియమం మీదే తరువాతి సోలో విద్యంతా నిలుస్తుంది, ఏ తీగ మీద ఉన్నా, ఏ తీగ నుంచి ఏ తీగకు దూకినా ఇది మారదు. పైపెచ్చు నోటితో త-క-ది-మి పలుకుతూ వాయించగలిగితే చేయి ఎక్కడ తప్పుతున్నదో గురువు లేకుండానే తెలిసిపోతుంది.

మెట్రోనోమ్‌ను (సమానమైన వ్యవధిలో టిక్ మనే లయ యంత్రాన్ని) నిమిషానికి 80 మీద పెట్టి, ఒక్కొక్క టిక్‌కు త, ది ఒక్కొక్కటి వచ్చేలా పది నిమిషాలు ఒకే జి కార్డ్ వాయించండి. విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి. తరువాత జి నుంచి సి కి, జి నుంచి డి కి మారుతూ వాయించండి. కార్డ్ మారే చోట ఎడమచేయి ఆలస్యమైనా కుడిచేయి ఆగకూడదు, కార్డ్ సగమే పడినా సరే లయ నడవాలి. వంద దాకా సులువుగా వెళ్లాక మెట్రోనోమ్‌ను సగానికి తగ్గించి, అంటే 50 మీద పెట్టి, ఆ టిక్ ‘ది’ మీద మాత్రమే వచ్చేలా వాయించండి. అప్పుడది మాండొలిన్ ఎదురుదెబ్బలా పనిచేస్తుంది. మొదటిసారి ఇది చేసినప్పుడు టిక్ తిరిగి ‘త’ మీదికి జారిపోతుంది. అలా జారకుండా ఐదు నిమిషాలు నిలబెట్టగలిగిననాడు మీ లయ మీద మీకు నమ్మకం కలుగుతుంది. అసలు బృందాలు వేగపు పాటల్లో నిమిషానికి 240 దెబ్బలు దాటి వాయిస్తాయి, కాని ఆ అంకెను మొదటి ఏడాది మరిచిపోవడమే మంచిది.

మూడు దెబ్బల వాల్ట్జ్ పాటలు కూడా చాలానే ఉన్నాయి. వాటికి ఒక బేస్, రెండు స్ట్రమ్‌లు. తిస్రంలో లెక్క పెట్టుకుంటే సరిపోతుంది.

కార్డుల మధ్య నడకలు, జి రన్

సహకారం స్థిరపడ్డాక ఒక కార్డ్ నుంచి మరో కార్డ్‌కు బేస్ స్వరాల మీదుగా నడవడం నేర్చుకోవాలి. జి నుంచి సి కి వెళ్లేటప్పుడు ఐదో తీగ ఖాళీగా, ఐదో తీగ 2వ ఫ్రెట్ వాయించి 3వ ఫ్రెట్‌లోని సి మీద దిగండి. స్వరాల్లో ఇది రి, గ, మ. తిరుగు ప్రయాణంలో మ, గ, రి, స అంటూ ఆరో తీగ 3వ ఫ్రెట్‌కు రండి. డి నుంచి జి కి వచ్చేటప్పుడు ఆరో తీగ ఖాళీగా, 2వ ఫ్రెట్, 3వ ఫ్రెట్, అంటే మంద్ర ద, ని, తరువాత స. నడక మొదలైన చోట స్ట్రమ్ మానేసి స్వరాలను త, ది దెబ్బల మీదే వాయించాలి. కొత్త కార్డ్ మీద దిగే స్వరం సరిగ్గా ‘త’ మీద పడాలి, దానికోసం వెనక్కి లెక్కపెట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించుకోవాలి.

ఈ సంగీతానికి చిరునామా లాంటిది జి రన్ అనే చిన్న స్వరాల పరుగు. లెస్టర్ ఫ్లాట్ వాయించి ప్రసిద్ధం చేసినందువల్ల దాన్ని ఆయన పేరుతో కూడా పిలుస్తారు. గాయకుడు ఒక పాదం ముగించి ఊపిరి తీసుకునే ఖాళీలో దీన్ని వేస్తారు. దీనికి అనేక రూపాలున్నాయి. నేర్చుకోవడానికి అనువైన ఒకటి ఇది: ఆరో తీగ 3వ ఫ్రెట్, ఐదో తీగ ఖాళీగా, ఐదో తీగ 1వ ఫ్రెట్, ఐదో తీగ 2వ ఫ్రెట్, నాలుగో తీగ ఖాళీగా, నాలుగో తీగ 2వ ఫ్రెట్, చివరగా మూడో తీగ ఖాళీగా. మొత్తం ఏడు స్వరాలు. త-క-ది-మి లెక్కలో మొదటి స్వరం ‘త’ మీద పడి ‘క’ ఖాళీగా ఉంటుంది, తరువాతి రెండు ‘ది-మి’ మీద, ఆ పై రెండు మళ్లీ ‘త-క’ మీద, ఆరోది ‘ది’ మీద పడి ‘మి’ ఖాళీగా ఉంటుంది, ఏడోది వచ్చే ఆవర్తనపు ‘త’ మీద దిగుతుంది. పిక్ దిశ ఆ అక్షరాలను బట్టే: కింద, కింద, పైన, కింద, పైన, కింద, కింద.

ఈ ఏడింటినీ స్వరాల్లో చెప్పుకుంటే స, రి, సాధారణ గాంధారం, అంతర గాంధారం, ప, ద, పై స. అంటే మోహన రాగపు ఆరోహణే, మధ్యలో సాధారణ గాంధారాన్ని ఒక్కసారి తాకి అంతర గాంధారంలోకి జారడం మాత్రమే అదనం. బ్లూస్ అనే ఆఫ్రికన్ అమెరికన్ల సంగీతం నుంచి ఈ సంగీతానికి వచ్చిన రుచి ఆ చిన్న తాకిడిలోనే ఉంది. మన చెవికి అది అన్యస్వరంగా తోచి, దాన్ని దాటవేయాలనిపించవచ్చు. దాటవేస్తే మోహనం మిగులుతుంది గాని బ్లూగ్రాస్ పోతుంది.

స్వరసాధన: మన వరుసలే, మరో పద్ధతిలో

సోలో వాయించడానికి కావలసిన పిక్ సాధన కోసం ప్రత్యేకంగా వ్యాయామాలు వెతకనక్కరలేదు. సరళీ, జంట, దాటు వరుసలు ఇందుకే పుట్టాయా అన్నంత చక్కగా సరిపోతాయి. ఒక్క మార్పు తప్పనిసరి. వాటిని మాయామాళవగౌళలో కాకుండా శంకరాభరణంలో వాయించాలి, ఎందుకంటే శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం ఈ సంగీతంలో ఉండవు. జి స్థానంలో మధ్యస్థాయి స్వరాలు ఇలా ఉంటాయి: ఆరో తీగ 3 స, ఐదో తీగ 0 రి, 2 గ, 3 మ, నాలుగో తీగ 0 ప, 2 ద, 4 ని, మూడో తీగ 0 పై స. పై స్థాయిలో మూడో తీగ 2 రి, రెండో తీగ 0 గ, 1 మ, 3 ప, మొదటి తీగ 0 ద, 2 ని, 3 స.

సరళీ వరుసలను మూడు కాలాల్లో, జంట వరుసల్లో ప్రతి స్వరాన్నీ ఒకసారి కిందికి, ఒకసారి పైకి మీటుతూ వాయించండి. జంటలో రెండో దెబ్బ మొదటిదానికన్నా బలహీనంగా వినిపిస్తే పైకి మీటే కదలికలో లోపం ఉన్నట్టే. దాటు వరుసలు తీగలను దాటడంలో పరీక్షపెడతాయి. ఒక తీగ మీద పైకి మీటి, పక్క తీగ మీద కిందికి మీటవలసిన చోట చేయి తడబడి, ఒకే దిశలో రెండుసార్లు మీటేస్తుంది. అక్కడ వేగం సగానికి తగ్గించి, ఆ రెండు స్వరాలనే పదేపదే వాయించి సరిచేసుకోవాలి.

గమకాల విషయంలో నిగ్రహం అవసరం. హామర్-ఆన్ (మోగుతున్న తీగ మీద మరో వేలిని గట్టిగా దింపి పై స్వరం పలికించడం), పుల్-ఆఫ్ (నొక్కిన వేలితో తీగను మీటుతూ తీసి కింది స్వరం పలికించడం), స్లైడ్ (నొక్కిన వేలిని మరో ఫ్రెట్‌కు జార్చడం) అనే మూడు అలంకారాలు ఇక్కడ చెల్లుతాయి. కంపితం చెల్లదు. స్వరాన్ని ఊపితే దాని రాక వెనకబడుతుంది. బ్లూగ్రాస్‌లో స్వరం ఎప్పుడు వస్తుందన్నదే మొదట వినిపిస్తుంది.

మొదటి సోలోలు

సోలోకు సులువైన దారి మేబెల్ కార్టర్ చూపినది. 1927 నుంచి రికార్డులు చేసిన కార్టర్ కుటుంబంలో ఆమె బొటనవేలితో బేస్ తీగల మీద పాటను పలికిస్తూ, మధ్య ఖాళీల్లో చూపుడువేలితో సన్నటి తీగలను మీటేది. పిక్‌తోనూ ఇదే చేయవచ్చు. మీకు బాగా వచ్చిన పాటను, మోహనంలో మొదట నేర్చుకున్న గీతమైనా సరే, సి స్థానంలో ఐదో తీగ 3వ ఫ్రెట్‌ను షడ్జమంగా పెట్టుకుని కింది తీగల మీద పలికించి, స్వరం నిలిచిన ప్రతి చోటా ‘ది’ మీద స్ట్రమ్ వేయండి. ఒంటరిగా వాయించినా నిండుగా వినిపించే పద్ధతి ఇది.

తరువాత ఫిడిల్ వరుసలు. వీటిలో ఎక్కువ భాగం రెండు భాగాలుగా ఉంటాయి. ఒక్కొక్క భాగం ఎనిమిది బార్లు (నాలుగు దెబ్బలకు ఒక బార్), ప్రతి భాగాన్నీ రెండేసిసార్లు వాయిస్తే 32 బార్లు. మొదట ‘ఓల్డ్ జో క్లార్క్’ అనే సంప్రదాయ వరుసను తీసుకోమంటాను. ఫిడిల్ వారు దాన్ని ఏ లో వాయిస్తారు. మనం 2వ ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) బిగించి జి ఆకారాల్లో వాయిస్తాం. అందులో కాకలి నిషాదం బదులు కైశికి నిషాదం వస్తుంది కాబట్టి హరికాంభోజి విన్న చెవికి వెంటనే పట్టుబడుతుంది. పైన చెప్పిన స్వరస్థానాల్లో నాలుగో తీగ 4 బదులు 3, మొదటి తీగ 2 బదులు 1 అని మార్చుకోండి, కార్డుల్లో చిన్న ఎఫ్ అక్కడే అవసరమవుతుంది. దాని తరువాత డి లో ‘సోల్జర్స్ జాయ్’, జి లో ‘బ్లాక్‌బెర్రీ బ్లాసమ్’ వరుసగా నేర్చుకోవచ్చు. చివరిదానిలో కార్డులు త్వరత్వరగా మారతాయి.

ఏ వరుసనైనా టాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెలతో చూపే రాత) చూసి వేళ్లతో మొదలుపెట్టకండి. మూడు నాలుగు రికార్డులు విని, స్వరాలతో నోటికి పట్టాక, మొదట త, ది దెబ్బల మీది స్వరాలను మాత్రమే వాయించి అస్థిపంజరాన్ని నిలబెట్టండి. ఆ తరువాత క, మి ఖాళీలను నింపండి. ఉదాహరణకు అస్థిపంజరం గ, ప, ద, ప అనుకుందాం. గ తరువాత పక్కనున్న మ ను, మొదటి ప తరువాత జంటగా అదే ప ను, ద తరువాత పై స ను, చివరి ప తరువాత కార్డ్‌లోని గ ను చేరిస్తే ‘గమపప దసపగ’ అవుతుంది. జి స్థానంలో రెండో తీగ 0, 1, 3, 3, మొదటి తీగ 0, 3, రెండో తీగ 3, 0. పక్కస్వరం, జంటస్వరం, కార్డ్ స్వరం అనే మూడు ఉపాయాలతోనే ఒకే వరుసకు అనేక రూపాలు పుడతాయి. టాబ్ బట్టీ పట్టినవారు ఒక్క స్వరం తప్పితే ఆగిపోతారు, ఇలా కట్టుకున్నవారు పక్కస్వరం మీదుగా తిరిగి దారిలోకి వస్తారు.

ఇతరులతో కలిసి వాయించడం

ఒంటరిగా ఎంత సాధన చేసినా ఈ సంగీతం సగమే వస్తుంది. మన ఊళ్లలో బాంజో వాయించేవారు దొరకడం కష్టమే గాని, వయొలిన్‌కు కొదవ లేదు. 1919లో ప్రారంభమై, ద్వారం వెంకటస్వామినాయుడు గారు మొదట అధ్యాపకులుగా, 1936 నుంచి ప్రధానాచార్యులుగా పనిచేసిన మహారాజా సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో ఫిడిల్ వరుస వాయించడానికి ముందుకొచ్చే విద్యార్థి ఒకరైనా దొరకకపోరు. వారి వయొలిన్ స-ప-స-ప శృతిలో ఉంటుంది కాబట్టి మనమే కేపోతో సర్దుకోవాలి. 1 నుంచి 3 శృతి వరకు సి ఆకారాలు వాడి, 1కి కేపో లేకుండా, ఒకటిన్నరకు 1వ ఫ్రెట్, 2కు 2వది, రెండున్నరకు 3వది, 3కు 4వది. 4, నాలుగున్నర శృతులకు డి ఆకారాలతో 3వ, 4వ ఫ్రెట్లు. 5 నుంచి 7 వరకు జి ఆకారాలతో వరుసగా కేపో లేకుండా మొదలుపెట్టి 4వ ఫ్రెట్ వరకు. హార్మోనియంతో కూర్చున్నప్పుడు యాప్‌ను పక్కనపెట్టి దాని షడ్జమానికే తీగలు కలపండి, ఎందుకంటే పాత హార్మోనియం శృతి అంకెకు సరిగ్గా ఉండకపోవచ్చు, దాన్ని అక్కడికక్కడ సరిచేయడమూ కుదరదు.

బృందంలో పాటించవలసిన మర్యాదలు కొన్ని ఉన్నాయి. పాట ఎత్తుకునేవారు ముందుగా శృతి చెబుతారు. ఒక్కొక్కరు వంతులవారీగా సోలో వాయిస్తారు. ఇతరులు సోలో వాయిస్తున్నప్పుడు, పాడుతున్నప్పుడు గిటార్ గొంతు తగ్గించి, బేస్-స్ట్రమ్ తప్ప ఏమీ వాయించకూడదు, జి రన్ కూడా పాదం చివరి ఖాళీలోనే. ఎవరో ఒకరు కాలు పైకెత్తితే అది ఆఖరి ఆవర్తనమని అర్థం. మీ వంతు వచ్చేసరికి ఆ వరుస రాకపోతే అస్థిపంజరం ఒక్కటే వాయించవచ్చు, అదీ రాకపోతే తల అడ్డంగా ఊపి పక్కవారికి వదిలేయవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కలిసి వాయించేవారు దొరకని వారాల్లో మీ సహకారాన్నే ఫోనులో ఐదు నిమిషాలు రికార్డు చేసుకుని, దాని మీద సోలో వాయించండి. ఆ రికార్డులో లయ ఎక్కడ పరుగెత్తిందో, ఎక్కడ కుంటిందో సోలో వాయించే చేతికి వెంటనే తెలుస్తుంది, మరునాటి సాధన అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.